మూడు పాయలుగా అల్లిన తీగ

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి. చాప చిన్నదే గాని, మనిషికి ఆనుకుని మనిషి కూర్చుంటే చోటు చాలకపోదు. ఏసీ చప్పుడు పట్టించుకోకండి. ఒమాన్ దేశంలో, ఈ బౌషర్‌లో మేముండే బిల్డింగ్ ఎంత పాతదో ఆ ఏసీ కూడా అంత పాతది. నేను చెప్పబోయేది ఒక తీగ సంగతి. గోడలోంచి వచ్చి నెట్ డబ్బాలో దూరే మామూలు టెలిఫోన్ తీగ. దాని గురించి చెప్పడానికి ఏముంటుందని మీరనుకోవచ్చు. వినండి మరి.

ముందు మా చెల్లి సంగతి చెప్పాలి. నా తరవాత ఏడేళ్లకి పుట్టింది. పుట్టుకతోనే చెవులు వినబడవు, అందుకని మాటా రాలేదు. మా కోనసీమ పల్లెలో అలాంటి పిల్లలకి బడి లేదు. నేను నాలుగో తరగతితో ఆపేసి ఇంటిపట్టున ఉండిపోయాను కాబట్టి దాన్ని ఆడించిందీ, తిండి పెట్టిందీ నేనే. అలా మా ఇద్దరికీ చేతుల భాష ఒకటి పుట్టింది. ఎవరూ నేర్పింది కాదు. మీసం మెలితిప్పితే నాన్న. నుదుటి మీద గుండ్రంగా బొట్టు దిద్దితే అమ్మ. ముక్కు తుడుచుకుంటే మా ఇద్దరికీ నడిమివాడైన తమ్ముడు. వాడికి నలభై దాటినా, దాని లెక్కలో వాడి ముక్కు ఇంకా కారుతూనే ఉంది. నేనంటే మాత్రం భుజం మీదుగా గాలిలో జడ అల్లడం. రోజూ పొద్దున్నే దానికి జడ వేసేది నేనే కదా, అదే నా పేరయిపోయింది.

కథలు కూడా చేతులతోనే చెప్పేదాన్ని. నా వేళ్లే నక్క మూతి, నా మోచెయ్యే ఏనుగు తొండం. ఇంట్లో తక్కినవాళ్లకి 'తిను, పడుకో, రా' అనే మూడు సైగలు తప్ప ఏమీ రావు. మనసులో మాట చెప్పాలంటే దానికి నేనొక్కదాన్నే.

పెళ్లయి నేను ఒమాన్ వచ్చేశాక అది తమ్ముడి ఇంట్లో ఉండిపోయింది. ఇక్కడ మా ఆయన ఒక కంపెనీలో క్రేన్ నడుపుతారు. మొదట్లో డ్యూటీ దగ్గరలోనే ఉండేది. తరవాత సైట్ దూరాన సూర్ అనే ఊరికి మారింది. వారమంతా అక్కడ కంపెనీ రూమ్‌లో ఉండి, గురువారం సాయంత్రం వచ్చి శనివారం మధ్యాహ్నం వెళ్లిపోతారు. మళ్లీ సైట్ ఎటు మారుతుందో తెలియదు గనక ఇల్లు మార్చలేదు. మాకు పిల్లలు లేరు. శనివారం మధ్యాహ్నం తలుపు వేసుకున్నానంటే, గురువారం దాకా ఇంట్లో నా గాజుల చప్పుడు నాకే వినబడుతుంది.

అందుకే సాయంత్రం వీడియో కాల్ కోసం కాచుకుని ఉండేదాన్ని. ఫోన్ తమ్ముడిది. వాడు తెల్లారేసరికి రొయ్యల చెరువుల మీదికి పట్టుకుపోతాడు, చీకటి పడ్డాక గాని ఇల్లు చేరడు. ఇక్కడ పొద్దు గూకి మసీదులో మగ్రిబ్ బాంగు వినబడే వేళకి అక్కడ మా చెల్లి చేతికి ఫోన్ వస్తుంది. నేను దేవుడి దగ్గర దీపం పెట్టి, పీట మీద బియ్యం డబ్బా నిలబెట్టి, దానికి ఫోన్ ఆనించి కూర్చునేదాన్ని. మా భాషకి రెండు చేతులూ కావాలి కదా.

ఇంతలో ఒక గురువారం మా ఆయన రూవీ బజారు నుంచి రంగుల సీరియల్ లైట్లు తెచ్చారు. వెంకన్న పటం చుట్టూ కట్టి, “వారమంతా ఒక్కదానివే ఉంటావు, ఇవైనా మినుకుమినుకుమంటూ తోడుంటాయి” అన్నారు. ఆయన మాటల మనిషి కాదు. ఆ ఒక్క మాటకే నాకు కడుపు నిండిపోయింది.

అయితే ఆయన పని ఎప్పుడూ సగం పనే. లైట్ల తీగ, నెట్ డబ్బాకి కరెంటు ఇచ్చే తీగ, టెలిఫోన్ తీగ, మూడూ దేవుడి అర కింద నేల దాకా వేలాడుతున్నాయి. దీపం వేళకి ఇంట్లో ఆడది జుట్టు విరబోసుకుని ఉండకూడదని మా అమ్మ ఎంత గట్టిగా చెప్పేదో! ఆ తీగలు చూస్తే నాకు అచ్చం విరబోసిన జుట్టే గుర్తొచ్చింది. శనివారం ఆయన వెళ్లాక కూర్చుని మూడింటినీ మూడు పాయలుగా తీసి, ఎక్కడా వదులు లేకుండా జడ అల్లి, కొసన ఎర్ర రిబ్బను కట్టాను. నా చేత్తో ఎన్ని వేల జడలు వేశానో, ఇంత నున్నగా ఒక్కటీ కుదరలేదు.

ఆ వారం నుంచే ఫోన్‌లో చెల్లి బొమ్మ చెదరడం మొదలైంది. నాకు చిన్నప్పటి చీరల అంచులు కూడా గుర్తుంటాయి. అయినా ఆ తీగల జడకీ దీనికీ సంబంధం ఉందని తోచలేదు. దీపం పెట్టి, లైట్లు వెలిగించి, కాల్ కలిపితే, నాలుగు నిమిషాలు బాగుంటుంది. తరవాత దాని ముఖం గళ్లు గళ్లుగా విడిపోతుంది. చెయ్యి ఒక చోట, వేళ్లు ఒక చోట. ఆపైన అంతా ఆగిపోతుంది. నెట్ డబ్బా మీద పచ్చగా ఉండాల్సిన లైటు కొట్టుకుంటూ ఉండేది. దేవుడి లైట్లతో ఇదీ తాళం వేస్తోంది కాబోలనుకుని నవ్వుకున్నాను కూడా. మాటయితే ముక్కలుగా వచ్చినా అతుక్కుంటుంది. సైగ ముక్కలైతే ఇంకేం మిగులుతుంది?

రెండు వారాలు అలా నెట్టుకొచ్చాక ఒక మంగళవారం చెల్లి ఏదో కొత్త సంగతి మొదలుపెట్టింది. సూదిలో దారం ఎక్కించినట్టు చూపించింది. దూరంగా అన్నట్టు చెయ్యి చాచింది. జడ అల్లి నన్ను పిలిచి, ఏదో అడగబోయింది. అంతలో బొమ్మ బిగుసుకుపోయింది. బుధవారం కూడా సరిగ్గా అక్కడికే వచ్చి ఆగింది.

గురువారం పొద్దున చెరువు గట్టు మీద నుంచి తమ్ముడు మామూలు ఫోన్ చేశాడు. రాజమండ్రిలో చెవులు వినబడని ఆడవాళ్లకి కుట్టుపని నేర్పి, పని కూడా అక్కడే ఇచ్చే చోటొకటి ఉందట. ఉండడానికి హాస్టల్. మా ఊరి టీచరమ్మ ఒకావిడ చెల్లిని తీసుకెళ్లి ఒక పూట చూపించి తెచ్చిందట. సోమవారం కల్లా వస్తుందో రాదో చెప్పాలి.

“దానికి ఇష్టమో, టీచరమ్మ ఎక్కించిందో నాకు తెలీట్లేదక్కా. అది నీతో తప్ప చెప్పదు. నువ్వేమో అడిగినప్పుడల్లా ఫోన్ కట్ చేస్తున్నావని రెండు రోజులుగా అన్నం దగ్గర కూడా ముఖం తిప్పేస్తోంది,” అన్నాడు. మళ్లీ వాడే, “ఆదివారం దాకా చూస్తాను. నువ్వు ఏ సంగతీ తేల్చకపోతే రాదనే చెప్పేస్తాను. ఊరు కాని ఊళ్లో మాట రానిదాన్ని ఎలా వదిలేస్తామే?” అన్నాడు.

నేను కట్ చేయలేదురా, నెట్ పాడైందిరా అని చెప్పాను. అది దానికి ఎలా చెప్పాలో వాడికి రాదు.

మీతో నిజం చెప్తాను. ఆ బొమ్మ ఆగిపోయినప్పుడు నాలో ఏదో మూల చిన్న ఊరట కలిగింది. అది వెళ్తే ఈ సాయంత్రాలు నాకు ఉండవు. అడగకుండానే రోజు గడిచిపోతే బాగుండునని ఒక్క క్షణం అనిపించింది. అన్నం దగ్గర ముఖం తిప్పేస్తోందని విన్నాక మాత్రం నా మీద నాకే సిగ్గేసింది.

నెట్ వాళ్ల మనిషి నేను ఫిర్యాదు చేసిన రెండుసార్లూ పొద్దున్నే వచ్చాడు. డబ్బా లైటు పచ్చగా వెలుగుతూ ఉండేది. లైన్ బ్రహ్మాండంగా ఉందని చెప్పి, ఒకసారి ఆపి వేసి, వెళ్లిపోయేవాడు. గురువారం సాయంత్రం మా ఆయన కూడా అదే వైద్యం చేశారు, ఆపడం, వేయడం. శుక్రవారం ఆయన బజారుకి వెళ్లి ఉండగా, ఇక ఉండబట్టలేక ఫోన్ పట్టుకుని వీధిలోకి వెళ్లాను. మా ఇల్లు కింది అంతస్తు, లోపల మాటకి తప్ప బొమ్మకి చాలే సిగ్నల్ అందదు. లాండ్రీ ముందు నిలబడితే అందుతుంది. ఒక చెయ్యి ఫోన్‌కి పోతే ఒక చెయ్యి మిగిలింది. సగం మాటలతో ఏం చెప్తాను? నేను చెయ్యి ఊపుతుంటే లాండ్రీ అతను తననే పిలుస్తున్నాననుకుని లోపలి నుంచి చెయ్యి ఊపాడు. చెల్లికి నా వెనక వీధి, బళ్లు తప్ప ఏమీ అర్థం కాలేదు. అదే కాల్ ఆపేసింది.

శనివారం మధ్యాహ్నం మా ఆయన సూర్ వెళ్లిపోయారు. మెట్ల దగ్గర పై ఇంటి భాభీ కనబడి, ముఖం అలా ఉందేమని అడిగింది. వాళ్లది కడప. ఆమె భర్త కొత్త బిల్డింగుల్లో నెట్ తీగలు లాగే పని చేస్తాడు, నేను భాయ్ అంటాను. అంతా విని, ఆయన డ్యూటీ నుంచి రాగానే తీసుకొస్తానంది. నేనొక్కదాన్నే ఉన్న ఇంటికి ఆయన ఒంటరిగా రాడు. అందుకని ఆమె కూడా వచ్చింది.

పొద్దున వచ్చిన మనిషి ఏమీ లేదన్నాడని చెప్తే భాయ్ తల అడ్డంగా ఊపాడు. “సాయంత్రం నొచ్చేవానికి పొద్దున సెయ్యి పట్టి సూస్తే యాడ తెలుస్తాదక్కా? మీరు రోజూ ఏం సేస్తారో అదే సేయండి, నేను సూస్తా.”

నేను దీపం పెట్టాను. లైట్లు వెలిగించాను. ఆయన సంచిలోంచి పాత ట్రాన్సిస్టర్ రేడియో తీశాడు. పాటలు పెడతాడేమోననుకున్నాను. ఏ స్టేషనూ లేని చోట ముల్లు ఆపి, రేడియోని చంటిబిడ్డలా ఎత్తుకుని ఇల్లంతా తిరిగాడు. వంటింట్లో సన్నగా గొణిగింది. ఫ్రిజ్ దగ్గర కాస్త మూలిగింది. దేవుడి అర దగ్గరికి తెచ్చేసరికి తేనెతుట్టె కదిపినట్టు ఒకటే రొద.

భాయ్ అక్కడే ఆగిపోయాడు. “అక్కా, అవి దేవుని లైట్లు. నేను ముట్టుకోను. మీరే ఒక్క నిమిషం తీసి సూడండి.”

సంధ్యవేళ దేవుడి ముందు వెలుగు ఆర్పడమంటే నాకూ చెయ్యి రాలేదు. నూనె దీపం ఉందిలే స్వామీ అనుకుని ప్లగ్ లాగాను. రేడియో నోరు మూసుకుంది. చెవిలో నీళ్లు బయటికి వచ్చేసినట్టయింది నాకు. డబ్బా మీద లైటు కొట్టుకోవడం మానేసి, కాసేపటికి పచ్చగా నిలబడింది.

ఆయన వంగి అర కింద చూశాడు. భాభీ వైపు తిరిగి “జరా టార్చ్ పకడో” అన్నాడు. ఆమె టార్చ్ వెలిగించి పట్టుకుంది. ఎర్ర రిబ్బను కట్టిన జడ వెలుగులో నిగనిగలాడింది.

“ఈ జడ ఎవరేసినారక్కా?”

“నేనే భాయ్.”

“శానా బాగేసినారు. మా బిడ్డకి ఏసేదానికి ఈమెకి కూడా నేర్పీయండి. దీన్ని మాత్రం ఇప్పేయండి.”

భాభీ ఆయన్ని మోచేత్తో పొడిచింది. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

జడ విప్పుతుంటే ఆయన చెప్పిన మాటలు ఒక్కటి కూడా మరిచిపోలేదు. ఆ లైట్లకుండే చిన్న ప్లగ్ డబ్బా నాసిరకంది, అది వెలిగినంతసేపూ మనకి వినబడని, రేడియోకి మాత్రం వినబడే గోల చేస్తుంది. ఆ గోలని నా జడ పట్టుకెళ్లి నెట్ తీగ చెవిలో పోస్తోంది. విడిగా ఉంటే ఇంత చేటు జరిగేది కాదు. పైగా మా టెలిఫోన్ తీగ బల్లపరుపు రకం. ఆయన తన సంచిలోంచి గుండ్రటి తీగ ముక్క ఒకటి కోసి, పైతోలు వలిచి చూపించాడు. లోపల సన్న తీగలు రెండేసి చొప్పున ఒకదాన్నొకటి చుట్టుకుని ఉన్నాయి.

“రెండూ ఊరికే పక్కపక్కన పడుంటే సాలదక్కా. ఇట్లా పెనేసుకోనుంటే బయట గోల రెండిటికీ సమానంగా తగుల్తాది. అప్పుడు డబ్బా ఆ గోలని తోసేసి మన మాటొకటే ఉంచుకుంటాది.”

“మరి నేనూ పెనవేశాను కదా?” అని అడిగాను.

“మీరు కరెంటు తీగెతో పెనేసినారు. దానికి జోడు అది కాదు.”

పాత తీగ తీసేసి ఆ గుండ్రటిది వేశాడు. డబ్బాని దేవుడి అరకీ ఫ్రిజ్‌కీ దూరంగా ఎదుటి గోడ దగ్గరికి మార్చాడు. తలుపు పక్కన ఏసీ కరెంటు తీగని దాటాల్సి వచ్చినచోట, పక్కనే పాకించకుండా సూటిగా అడ్డంగా దాటించాడు. మాకు ముందు అద్దెకున్న వాళ్లు పడకగదిలోకి ఒక టెలిఫోన్ తీగ లాక్కున్నారట. దానికి ఫోనూ లేదు, ఏమీ లేదు, గోడ రంగు కింద పడి ఉంది. ఎవరూ మాట్లాడని ఆ తీగ చెవి ఒగ్గుకుని, చుట్టుపక్కల గోలంతా లోపలికి లాగుతూ ఉంటుందట. దాన్నీ గోడలో టెలిఫోన్ తీగలు కలిసే పెట్టె దగ్గరే విడదీశాడు. టీ కూడా తాగకుండా, వాళ్ల పాప ఒక్కతే ఉందంటూ ఇద్దరూ పైకి వెళ్లిపోయారు. ఆ సాయంత్రం చెరువులో రొయ్యలు పట్టే పని ఉండి తమ్ముడు ఇంటికి రాలేదు. ఇక మిగిలింది ఆదివారం ఒక్కటే.

ఆదివారం బాంగు వినబడేసరికి దీపం ఒక్కటే పెట్టి కూర్చున్నాను. కాల్ కలిసింది. చెల్లి ముఖం నీళ్లలో చందమామలా తేటగా వచ్చింది. నుదుటి మీద చెమట కూడా కనబడుతోంది. అది రెండు వేళ్లు కత్తెరలా ఆడించింది. నువ్వే కోసేశావు అని. నేను పాత తీగ తెచ్చి చూపించాను. ఇంకా అల్లిక వంకీలు పోలేదు దానికి. గాలిలో జడ అల్లి, గుండె మీద తట్టుకున్నాను. నేనే చేశాను, తెలియక చేశాను. కాసేపు కోపంగా చూసి, ఫక్కున నవ్వేసింది.

నాలుగు నిమిషాలు దాటాయి. ఐదు, ఆరు. బొమ్మ చెదరలేదు. అప్పుడు అడిగాను, నీకు వెళ్లాలని ఉందా అని.

దాని చేతులు అంత వేగంగా తిరగడం నేనెప్పుడూ చూడలేదు. అక్కడ పదిమంది ఆడవాళ్లున్నారు. అందరి చేతులూ మాట్లాడుతున్నాయి. ఎవరూ వింతగా చూడరు. అన్నం దగ్గర కూడా మాటలే, నవ్వులే. తనకి సగం అర్థమైంది, సగం కాలేదు. ఆ సగం కూడా తెలుసుకోవాలని ఉంది. పుట్టి ఇన్నేళ్లయి, నేను తప్ప మాట్లాడే మనిషి లేక అది ఎలా ఉండి ఉంటుందో అప్పుడు గాని నాకు తట్టలేదు. నేను గురువారం కోసం ఐదు రోజులు కాచుకోవడానికే ఇంత బెంగపడతాను.

తరవాత అది ఆగి, నన్ను పిలిచింది. జడ అల్లి, ఒక్క వేలు నిలబెట్టి, నావైపు చూపించింది. నువ్వు ఒక్కదానివే అయిపోతావా?

ఈసారి బొమ్మ ఆగిపోలేదు. ఆగితే బాగుండునని నేనూ అనుకోలేదు. నా వేలు ఒకటి నిలబెట్టి, పక్కన ఇంకో వేలు చేర్చి చూపించాను. ఆయన ఉన్నారుగా అని. ఆ వేళకి ఆయన సూర్‌లో కంపెనీ రూమ్‌లో ఉన్నారు. అది దానికి తెలుసు. తెలియనట్టు ఉండిపోయింది. నేను చెయ్యి ముందుకు చాచి, వెళ్లు అని చెప్పాను. తమ్ముణ్ణి పిలిచి నోటితో కూడా చెప్పాను.

“నిజంగా దానికి ఇష్టమేనా అక్కా?”

“ఇష్టమేరా. రేపు పొద్దున్నే చెప్పెయ్.”

వెళ్లింది. హాస్టల్లో ఫోన్ ఆదివారాలే ఇస్తారు. మొదట్లో ప్రతి ఆదివారం కాల్ చేసేది. ఇప్పుడు ఒక్కోసారి తప్పిపోతుంది. కుట్టిన బట్టలు ఇచ్చే గడువుంటుంది, అందరూ కలిసి గోదావరి గట్టుకి వెళ్తారు. నాకు తెలియని సైగలు దాని చేతుల్లో చాలా వచ్చాయి. నాకు అర్థం కాకపోతే నెమ్మదిగా మళ్లీ చేసి చూపిస్తుంది, చిన్నప్పుడు దానికి నేను చూపించినట్టే. అక్కడ అందరికీ పేరు సైగలు ఉన్నాయట. దాని పేరు, బొటనవేలికి సూది గుచ్చుకున్నట్టు చేసి చూపించింది. నా పేరు మాత్రం అదే జడ. మార్చలేదు.

గురువారాల్లో మా ఆయన నెట్ ఎలా ఉందని అడుగుతారు. అద్దంలా ఉందంటాను. నిజమే, ఒక్కసారి కూడా చెదరలేదు. చెల్లి కాల్ ఉన్న సాయంత్రం రంగుల లైట్లు వేయను. తక్కిన ఆరు సాయంత్రాలూ వాటికి అడ్డు లేదు. దీపం పెట్టి ప్లగ్ వేస్తాను. అవి వాటి మానాన మినుకుమినుకుమంటూ ఉంటాయి. ఎదుటి గోడ దగ్గర డబ్బా మీద పచ్చలైటు కదలకుండా వెలుగుతూ ఉంటుంది. నేను చాప మీద కూర్చుని రెండింటినీ చూస్తూ ఉంటాను.

ఓపికగా విన్నారు, చల్లగా ఉండండి. సంధ్యదీపం వేళకి మీ ఇంట్లో అందరూ ఇంటికి చేరాలి. చేరలేని దూరాన ఉన్నవాళ్ల ముఖం మీ ముందు చెదరకుండా నిలవాలి. మీ ఇంట చెప్పేవాళ్లకి వినేవాళ్లు, వినలేనివాళ్లకి చూసేవాళ్లు ఎప్పుడూ కరువు కాకూడదు.